భరణము – శుశ్రూష: వృద్ధపోషణ చరిత్ర

వృద్ధులైన తల్లిదండ్రులను పోషించుట పుత్రధర్మమనియు, పూర్వకాలమున నీ ధర్మము లోపము లేక సాగినదనియు, వృద్ధులకు రాజ్యము భృతి యొసగుట పాశ్చాత్యదేశముల నుండి వచ్చిన నూతనాచారమనియు లోకమున నొక యభిప్రాయము ప్రబలియున్నది. ఇందు మొదటి మాట నిర్వివాదము. తక్కిన రెండును విచారింపదగినవి. శాసనములు, స్మృతులు, అర్థశాస్త్రము, వైద్యసంహితలు, కావ్యములు – వీనిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో వృద్ధుల పోషణమునందు మన పూర్వులు రెండు వేర్వేఱు కర్తవ్యములను గుర్తించిరని తేలును. ఒకటి భరణము, అనగా అన్నవస్త్రాదుల నిచ్చి నిలుపుట. రెండవది శుశ్రూష. మొదటిదానిని గృహస్థునకే విడువక రాజును, ధర్మాసనమును గూడ బాధ్యులను జేసిరి. రెండవదానిని గృహమునకే యప్పగించిరి. ఈ భేదమును మఱచుటచేతనే పైయభిప్రాయము పుట్టినది.

మొదట వృద్ధుడన నెవడో నిర్ణయింపవలెను. ప్రాచీనులు దీనికి నొక్కటే సమాధానము చెప్పలేదు. చరకసంహిత ప్రకారము 30 ఏండ్ల వరకు బాల్యము, 60 వరకు మధ్యమవయస్సు, అటుపై 100 వరకు జీర్ణవయస్సు. సుశ్రుతుడు 16 ఏండ్ల వరకు బాల్యమనియు, 70 వరకు మధ్యమమనియు, తరువాతిది వార్ధకమనియు విభజించెను. అష్టాంగహృదయమున వాగ్భటుడును 70 ఏండ్ల హద్దునే గ్రహించెను. మనుస్మృతి వానప్రస్థమునకు సంవత్సరసంఖ్య చెప్పదు. దేహమున ముడుతలు పడుట, తల నెరయుట, పుత్రునకు సంతానము కలుగుట దానికి గుర్తులు. అదే స్మృతి పన్నులను గూర్చి చెప్పునప్పుడు మాత్రము సంఖ్యను నిర్ణయించి, 70 ఏండ్ల వృద్ధుని అంధునితోను నడవలేనివానితోను జేర్చి, అతనివద్ద పన్ను గొనరాదని విధించినది. త్రోవలో నెదురుపడినప్పుడు దారి యీయవలసినవారిలో 90 ఏండ్లు దాటినవానిని పేర్కొన్నది. వైద్యుడు దేహబలమును జూచి, రాజు పన్ను చెల్లించు శక్తిని జూచి, గృహస్థు సంతానక్రమమును జూచి హద్దులు పెట్టిరని దీనివలన స్పష్టము. వార్ధకము దేహధర్మము మాత్రమే కాదు. సంఘము నిర్ణయించు స్థితియు నగును.

పూర్వులలో వృద్ధులు మిక్కిలి యరుదనుట పొరపాటు. భారతదేశమున 1941–51 దశాబ్దిలో సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లే. అయినను ఆ సంఖ్య యింత తగ్గుటకు శిశుమరణములే ప్రధానకారణము. బాల్యమును దాటినవారిలో ననేకులు అఱువదియు డెబ్బదియు జూచిరి. సంఖ్యయందు తక్కువయైనను వృద్ధుడు ప్రతి గ్రామమునను ఉండెను. కనుకనే శాస్త్రకారులతనిని గూర్చి విధులు వ్రాయవలసివచ్చెను.

తెలుగుదేశమున లభించు ప్రాచీన లిఖితసాక్ష్యములలో కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి శాసనములు ముఖ్యములు. గుత్తికి సమీపముననున్న యీ స్థలమున అశోకుని పదునాల్గు ప్రధానశిలాశాసనములును, వానితోపాటు లఘుశాసనములును బ్రాహ్మీలిపిలో ప్రాకృతభాషలో చెక్కబడియున్నవి. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దికి చెందిన యీ శాసనములందు వృద్ధులు మూడు విధములుగ కానవత్తురు. లఘుశాసనమున తల్లిదండ్రులను, పెద్దలను శుశ్రూషింపవలెనని ప్రజలకు బోధ కలదు. ఇది గృహధర్మము. ఎనిమిదవ ప్రధానశాసనమున అశోకుడు, పూర్వరాజుల వేటయాత్రలకు బదులుగ తాను పట్టాభిషిక్తుడైన పదవయేట ధర్మయాత్రను మొదలుపెట్టితినని చెప్పి, ఆ యాత్రయందు చేయు పనులలో వృద్ధులను దర్శించుటను, వారికి బంగారము పంచిపెట్టుటను పేర్కొన్నాడు. ఇది రాజు స్వయముగ చేయు పని. ఐదవ ప్రధానశాసనమున, పదమూడవ యేట తాను నియమించిన ధర్మమహామాత్రులు అనాథుల యొక్కయు వృద్ధుల యొక్కయు హితసుఖముల కొఱకు పనిచేయుదురనియు, చెఱలో నున్నవారిలో సంతానభారము గలవారిని, వృద్ధులను విచారించి విడిపించుటయందు వారు నియుక్తులనియు వ్రాయించెను. ఇది ఉద్యోగుల కర్తవ్యము.

ఈ మూడింటిలో కడపటిది విశేషముగ గమనింపదగినది. రాజు దారిలో కనబడిన వృద్ధునకు బంగారమిచ్చుట దానము. దానికై నియుక్తుడైన యుద్యోగి యుండుట పరిపాలనము. దానము రాజు మనస్సుతో ముగియును. పరిపాలనము ఉద్యోగితో నిలుచును. అశోకుని ధర్మమహామాత్రవ్యవస్థ ఎంతకాలము నిలిచినను, వృద్ధుల హితము రాజోద్యోగుల పనులలో నొకటిగ శిలపై నెక్కుట తెలుగుదేశపు చరిత్రలో చిన్నవిషయము కాదు.

కౌటిలీయార్థశాస్త్రము ఇదే విషయమును దండనీతిభాషలో చెప్పినది. ఈ గ్రంథము మైసూరున శామశాస్త్రిగారికి తాళపత్రరూపమున లభించి, 1909లో ముద్రితమైనది. దీని కాలనిర్ణయమున పండితులకు ఐకమత్యము లేదు. జనపదనివేశప్రకరణమున బాలురను, వృద్ధులను, రోగులను, ఆపన్నులను, అనాథులను రాజు పోషింపవలెనని విధి. వెనువెంటనే, శక్తి కలిగియుండియు భార్యాసంతానమును, తల్లిదండ్రులను, వ్యవహారవయస్సు రాని సోదరులను, కన్యలును విధవలునైన సోదరీమణులను పోషింపనివానికి 12 పణముల దండము చెప్పబడినది. పతితులైనవారి విషయమున నీ విధికి మినహాయింపు కలదు. కాని తల్లి పతితయైనను ఆమెను పోషింపకున్న దండము తప్పదు. తండ్రి విషయమున లేని యీ ప్రత్యేకరక్షణము తల్లికి కల్పింపబడుట గమనింపదగినది.

దండము విధింపబడినచో అపరాధము జరుగుచుండెననుటకు అదియే సాక్ష్యము. లోపము లేని ధర్మమునకు జుల్మానా అక్కరలేదు. పూర్వకాలమున పుత్రులందఱును తల్లిదండ్రులను లోటు లేక పోషించిరను మాటకు అర్థశాస్త్రమునందలి యీ 12 పణములే ప్రత్యుత్తరము.

అదే గ్రంథమున సూత్రాధ్యక్షప్రకరణము వృద్ధస్త్రీల జీవనమును గూర్చి మఱియొక విషయము తెలుపుచున్నది. నూలు వడకు పనికి విధవలను, వికలాంగులను, వృద్ధరాజదాసీలను, సేవ మానిన దేవదాసీలను నియోగింపవలెనని యందు కలదు. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీలద్వారా పని పంపించి గౌరవముతో చేయింపవలెనని కూడ చెప్పబడినది. కొడుకు లేని ముసలిదానికి, కోట నుండి పని తప్పిన దాసికి రాజు కొట్టారమున కదురు దొరకెను. ఇది భిక్ష కాదు, కూలి. కాని వృద్ధరాజదాసికి విశ్రాంతి లేదని, చేయి ఆడినంతకాలము వడకవలసినదేయని కూడ దీనివలన తెలియును. ఆ కాలపు దయను, ఆ దయకు గల మేరను ఒక్కచోటనే చూపు ప్రకరణమిది.

విధులు ఇట్లుండగా, గృహమున వృద్ధుడు నిజముగ నెట్లు జీవించెనో తెలిసికొనుటకు కావ్యములే యాధారము. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయ తెనిగించిన ఆదిపర్వమున యయాతికథ సుప్రసిద్ధము. శుక్రశాపమున ముదిమి పైబడిన యయాతి తన జరను గ్రహింపుమని కుమారులను వేడెను. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు నిరాకరించిరి, పూరుడొక్కడే సమ్మతించెను. పండితులీ కథను పితృభక్తికి దృష్టాంతముగ చెప్పుదురు. కాని లెక్క చూచినచో ఐదుగురిలో నలుగురు కాదనిరి. ముదిమి యన రూపహాని, బలహాని, భోగహాని యని వారికి తోచుటయే వారి నిరాకరణమునకు కారణము. పూరునకు రాజ్యము దక్కుటను గూడ కథ మఱువలేదు. వృద్ధుని భారము మోయుటకు ప్రతిఫలముగ దాయమును చూపుట యను లోకరీతి ఇతిహాసమునందే మొలకెత్తినది.

ఇంతకంటె సూక్ష్మమైన సాక్ష్యము ఆశ్రమవాసపర్వమున కలదు. దానిని నెల్లూరి తిక్కన సోమయాజి తెనిగించెను. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మరాజు ఇంట నుండెను. అన్నమునకు, వస్త్రమునకు, పరిచారకులకు, మర్యాదకు నందు లోటు లేదు. ధర్మరాజు పెదతండ్రిని పూర్వము రాజుగా నున్నప్పటివలెనే చూచుకొనెను. అయినను ఆ వృద్ధుడు వినునట్లుగా భీముడు తన భుజబలమును, ఆతని కుమారుల చావును చెప్పికొనుచుండెను. ఆ మాటలే ధృతరాష్ట్రుని మనస్సును విఱిచి యడవికి పంపినవి. గాంధారియు, కొడుకులు వలదనుచున్నను కుంతియు నాతనివెంట వెడలిరి. ఇచ్చట భరణము సంపూర్ణము, లోపించినది మఱియొకటి. భర్తృహరి వైరాగ్యశతకమునందును ఇదే కానవచ్చును. ఏనుగు లక్ష్మణకవి తెనిగింపుచే నది తెలుగువారికి సుపరిచితము. అందు వృద్ధుని దుఃఖము ఆకలి కాదు. తన మాటను ఇంటివారు లెక్కచేయకపోవుట.

వైద్యగ్రంథములును ఈ రెండు కర్తవ్యములను ఎఱిగినవే. ఆయుర్వేదమున ఎనిమిది అంగములు; వానిలో రసాయనతంత్రము, వాగ్భటుడు జరాచికిత్సగ పేర్కొన్నది, వార్ధకమునకే కేటాయింపబడినది. చరకసంహితయందు చికిత్సాస్థానము రసాయనాధ్యాయముతోనే ప్రారంభమగును. రసాయనసేవనమునకు చరకుడు రెండు మార్గములు చెప్పెను: ప్రత్యేకముగ కట్టిన కుటీరమున ప్రవేశించి చేయునది కుటీప్రావేశికము, గాలి యెండలలో తిరుగుచు నిత్యకృత్యములతో చేయునది వాతాతపికము. మొదటిది ధనము, తీరిక, పరిచారకులు గలవారికే సాధ్యము. తక్కినవారికి రెండవదియే గతి. వార్ధకమున ఆరోగ్యము ఐశ్వర్యముననుసరించి యుండునను సత్యమును వైద్యుడు నాడే గుర్తించెను. మఱియు నాచారరసాయనమను పేర సత్యము, అక్రోధము, మితనిద్ర, వృద్ధోపాసనము మున్నగు గుణములను ఔషధమునకు తుల్యముగ చెప్పెను.

సుశ్రుతుడు వృద్ధదేహమును వానలకు నాని క్రుంగుచున్న పాతయింటితో పోల్చెను. అతని చికిత్సావిధి నేటికిని ఉపాదేయము. వయస్సుతోపాటు ఔషధమాత్ర పెరుగవలెను, క్షయము మొదలైన పిమ్మట తగ్గవలెను. బాలురకును వృద్ధులకును అగ్నికర్మ, క్షారకర్మ, విరేచనము వర్జ్యములు. తప్పనిసరియైనచో మృదువుగ, మెల్లమెల్లగ చేయవలెను. వయస్సు మీఱినకొలది మూత్రపిండముల శక్తి తగ్గుటచే మందులు దేహమున నిలిచిపోవునని, కావున మోతాదు తగ్గింపవలెనని ఆధునికవైద్యము చెప్పుచున్నది. కారణము వేఱుగ చెప్పబడినను విధి యొక్కటే. వృద్ధుల వైద్యమునకు పాశ్చాత్యదేశములందు ప్రత్యేకనామము 1909లో న్యూయార్కు వైద్యుడైన ఇగ్నాజ్ నాషరు పెట్టిన జెరియాట్రిక్స్ అనునది. అయితే భేదమును మఱువరాదు: రసాయనతంత్రము ప్రధానముగ ముదిమిని వారించుటకు పూనుకొన్నది, నాషరు ముదిమిని ఒక స్వాభావికదశగ నంగీకరించి, అందలి రోగములను వేఱుగ చికిత్సింపవలెననెను.

మధ్యయుగమున ధర్మశాస్త్రములు భరణమును గృహస్థుని ఋణముగ మఱింత దృఢపఱచినవి. కల్యాణనగరమున ఆఱవ విక్రమాదిత్యచాళుక్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరయందు మనువాక్యముగ నుదాహరింపబడిన శ్లోకమొకటి వృద్ధులైన తల్లిదండ్రులను, సాధ్వియైన భార్యను, శిశువును అకార్యములు చేసియైనను పోషింపవలసినదేయని శాసించుచున్నది. మితాక్షర తెలుగుదేశమున వ్యవహారప్రమాణమయ్యెను. తిక్కనకు సమకాలికుడైన కేతన విజ్ఞానేశ్వరీయమను పేర దానిని తెలుగు పద్యములందు నిలిపెను. రాజవంశములును దేవాలయములును అన్నసత్రములను, ఆరోగ్యశాలలను నెలకొల్పినవి. రుద్రమదేవి కాలమునాటి మల్కాపురశాసనము (శక వర్షము 1183, క్రీ.శ. 1261) విశ్వేశ్వరశివాచార్యుని మఠమునకు చేరిన ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, విద్యాస్థానమును, సత్రమును పేర్కొన్నది, సత్రమున అన్నము జాతిభేదము లేక అందఱకును లభించునట్లు ఏర్పాటు కలదు. దిక్కులేని వృద్ధుడు రోగిగానో అన్నార్తుడుగానో ఇట్టి స్థలములనే యాశ్రయింపవలసియుండెను.

ఆధునికశాసనచరిత్రయందు ఈ ప్రాచీనక్రమమే క్రొత్తరూపమున కానవచ్చును. ఆంగ్లేయ ప్రభుత్వపు 1898 క్రిమినల్ ప్రొసీజరు కోడు 488వ సెక్షను భార్యాసంతానములకు మాత్రమే మనోవర్తి నిచ్చి తల్లిదండ్రులను విడిచినది. అర్థశాస్త్రము ఒక్క వాక్యమున చేర్చినవారిని ఈ కోడు వేఱుచేసినది. 1950లో అమలునకు వచ్చిన భారతరాజ్యాంగపు 41వ అధికరణము వార్ధకమున ప్రభుత్వసహాయమును రాజ్యనీతినిర్దేశములలో చేర్చినది. 1956 హిందూ దత్తత మనోవర్తి చట్టము వృద్ధులు లేక అశక్తులునైన తల్లిదండ్రుల పోషణమును కుమారునకే కాక కుమార్తెకును విధించినది. 1973 కోడు 125వ సెక్షనున తల్లిదండ్రులు మరల చేరిరి. వివాహితయైన కుమార్తెయు దీనికి బాధ్యురాలేయని 1987లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. 2024 జూలై 1 నుండి ఈ విధి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనున నున్నది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 60 ఏండ్లు నిండినవారికి ప్రత్యేకన్యాయపీఠము నేర్పఱచినది. పోషింతునను నియమముపై ఆస్తిని వ్రాయించుకొని మాట తప్పినచో ఆ దస్తావేజును రద్దుచేయించు నధికారమును అందలి 23వ సెక్షను వృద్ధునకిచ్చినది. యయాతికథనాటి దాయము, భారము అను ముడి ఇచ్చట న్యాయస్థానమున కెక్కినది.

రాజ్యము స్వయముగ భరించుటయందును ఇదే క్రమము. జర్మనీయందు 1889లో, ఇంగ్లండున 1908లో వృద్ధభృతి చట్టములు పుట్టినవి. రెండింటను మొదటి హద్దు 70 ఏండ్లే. భారతదేశమున జాతీయసామాజికసహాయపథకము 1995 ఆగష్టు 15న మొదలై, నిరాధారులైన 65 ఏండ్లవారికి నెలకు 75 రూపాయలిచ్చినది. 2011లో వయస్సు 60కి తగ్గింపబడినది. తెలంగాణమున ఆసరా పింఛను 2014లో ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశమున 2024లో వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలైనది. 2024 అక్టోబరున ఆయుష్మాన్ భారత్ వైద్యరక్షణము 70 ఏండ్లు నిండినవారికెల్ల ఆదాయభేదము లేక విస్తరింపబడినది. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 40 లక్షలు. వారిలో స్త్రీలే యధికులు. అశోకుడు యాత్రలో పంచిన బంగారము నేడు నెలకొకమాఱు గ్రామమునకు వచ్చుచున్నది.

పాశ్చాత్యదేశముల వలన మనకు వచ్చినదేదో ఇప్పుడు స్పష్టముగ చెప్పవచ్చును. వృద్ధుని పోషించుట రాజధర్మమను భావము వారిది కాదు. అది ఎఱ్ఱగుడి శిలపైనను కౌటిల్యుని గ్రంథమునందును ఉన్నది. కాని నాడది రాజు చేయు నుపకారము. తనకు రావలసిన దానిని వృద్ధుడు అడుగుటకు స్థలము లేదు. నేటి చట్టమున నది అర్హుడైనవాడు కోరగలిగిన హక్కు. ఈ మార్పు క్రొత్తది, అది మేలైనది. పుత్రధర్మము రాజభృతిచే నశించునను భయమునకును చరిత్రయందాధారము లేదు. మన పూర్వులు రెండింటిని ఒక్క ప్రకరణముననే వ్రాసిరి.

చట్టము చేరలేని తావును ప్రాచీనులు ఒక్క పదమున సూచించిపోయిరి. ఎఱ్ఱగుడి శాసనమున తల్లిదండ్రుల విషయమున వాడబడిన పదము భరణము కాదు, శుశ్రూష. ఆ పదము వినుట యను నర్థము గల ధాతువుపై ఇచ్ఛార్థకప్రత్యయము చేరగా నేర్పడినది. వినగోరుట యని దాని మొదటి యర్థము. సేవయను నర్థము తరువాత వచ్చినది. ధర్మరాజు ఇంట ధృతరాష్ట్రునకు లేక పోయినది, భర్తృహరి వృద్ధుడు కోరినది ఇదియే. 12 పణముల దండమైనను, న్యాయపీఠపు తీర్పైనను, నెలసరి పింఛనైనను వృద్ధుని కంచమున అన్నము వడ్డింపగలవు. ఆతడు మాటాడుచుండగా ప్రక్కన కూర్చుండి వినుమని ఏ రాజును ఎవ్వరిని శాసింపజాలడు. అశోకుడు సైతము దానికై మహామాత్రుని నియమింపలేదు. ఇంటింటివారిని వేడుకొనుచు శిలపై వ్రాయించెను.